ముల్లు నూట యాభై దగ్గరే ఉంది

ముల్లు నూట యాభై దగ్గరే ఉంది. నా చేతిలోని గడియారం మాత్రం ఒప్పుకోవడం లేదు. ఈ వేగంలో మైలుకీ మైలుకీ మధ్య ఇరవై నాలుగు సెకన్లు పట్టాలి, ఇరవై అయిదు దాటుతోంది, ఇప్పుడు మళ్ళీ దాటింది, అంకె వేసిన పచ్చ పలక కిటికీ పక్కనుంచి చెంపదెబ్బలా వెళ్ళిపోయింది, గడియారం బొత్తాం మీద ఉన్న నా బొటనవేలిని నేనే దొంగను చూసినట్టు చూస్తున్నాను. వేలు ఆలస్యంగా నొక్కుతోందా, కన్ను ఆలస్యంగా చూస్తోందా, రెండూ సరిగ్గానే ఉండి మధ్యలో ఉన్న డెబ్బై నాలుగేళ్ళ బుర్ర కునుకు తీస్తోందా. ముప్పై ఒకటో మైలు దాటాం. ఆరో మైలు నుంచీ ఇదే వరస. గంటకు నూట యాభై మైళ్ళతో పోతున్న కారులో కూర్చుని, నేను ముసలివాణ్ణయ్యానా కాలేదా అని ఆలోచిస్తున్నాను, ఇంతకంటే చెడ్డ చోటు ఆ ఆలోచనకు దొరకదు.

"ఎలా ఉన్నాం, పెద్దాయనా?" హెల్మెట్ లోపల నా కోడలు కొరిన్ గొంతు. వంటింట్లో పాలు కాగాయా అని అడిగినట్టుంది.

"చూస్తున్నా."

"చూసి చెప్పు మరి. ఇంజను ఇవాళ తెగ తేలిగ్గా ఉంది. దీనికి చెమటే పట్టడం లేదు."

చూస్తున్నా అని ఇన్నేళ్ళలో ఎప్పుడూ అనలేదు నేను. పక్క సీట్లో కూర్చున్నవాడు చూస్తున్నా అన్నాడంటే వాడికి తెలియదని అర్థం. పొద్దున హోటల్లో పొడుగు బల్ల దగ్గర, బీన్సూ గొర్రెమాంసం పులుసూ మధ్య, నా కొడుకు ఎమిల్ మెల్లగా అన్న మాట గుర్తొస్తోంది, "నాన్నా, వచ్చే ఏడు కొరిన్ పక్కన నేను కూర్చుంటాలే, నువ్వు ముగింపు గీత దగ్గర గొడుగు కింద కూర్చో." రొట్టె తుంచుకుంటూ అన్నాడు, ముఖం చూడకుండా అన్నాడు. ఎదురుగా హ్యాగర్టీ నవ్వాడు. వెండెల్ హ్యాగర్టీ మా తరగతిలోనే పోటీ పడతాడు, నోరు ఊరుకోదు వాడికి. "గాస్టన్‌కి గొడుగెందుకురా, కోడలు నడుపుతుంటే మేఘాల నీడ కూడా దాటిపోతుంది వాళ్ళని, చల్లగానే ఉంటుంది," అన్నాడు. కొరిన్ తల ఎత్తకుండానే, "మీ కారు వెనకాలే ఉంటాం కదా అంకుల్, పొగకే నీడ వస్తుంది," అంది. బల్లంతా నవ్వింది. హ్యాగర్టీ కూడా నవ్వి తన గ్లాసు ఎత్తాడు ఆమెకి. మా ఊళ్ళో గౌరవం అలాగే ఇస్తారు.

ఈ రోడ్డు తొంభై మైళ్ళు. మా నాన్న ఫ్రాన్సు కొండల్లోంచి వచ్చి, ఇంగ్లీషు ఒక్క ముక్క రాకుండా, ఈ నెవాడా లోయలో గొర్రెలు తోలాడు, ఇది మట్టి బాటగా ఉన్న రోజుల్లో. పైనుంచి కిందికి మంద దిగాలంటే వారం పట్టేదిట. కుక్క కాళ్ళకు తోలు ముక్కలు కట్టేవాడు. అదే లోయ, అవే బూడిదరంగు పొదలు, అవే ఉప్పు పర్రలు, ఏడాదికి ఒకే ఒక్క ఆదివారం పోలీసులు అడ్డదారులన్నీ మూసి మాకు వదిలేస్తే, మేము ముప్పై ఆరు నిమిషాల్లో దిగుతాం. మా నాన్న చూస్తే ఏమనేవాడు. గొర్రెలేవిరా అనేవాడు. ముప్పై ఆరు నిమిషాలంటే తక్కువా కాదు, ఎక్కువా కాదు, అదే మా పందెం. ముందొచ్చినవాడు గెలిచే పందెం కాదిది, ముందు రావడం ఎవడికైనా వస్తుంది, డబ్బుంటే చాలు. తొంభై అయిదు మొదలుకొని అయిదయిదు చొప్పున పైకి తరగతులుంటాయి. కారు ఎంత తట్టుకుంటుంది, టైరు ఎంత తట్టుకుంటుంది, లోపలి ఇనుప పంజరం ఎంత తట్టుకుంటుంది, అన్నిటికీ మించి నడిపే మనిషి ఎంత తట్టుకుంటుంది అని తూచి తరగతి ఇస్తారు. ఆ తరగతి వేగానికి సరిగ్గా ఎంత సమయం పట్టాలో అంత సమయానికి గీత దాటాలి. ఒక రెప్పపాటు ముందొచ్చినా తప్పే, వెనకొచ్చినా తప్పే. దారి మధ్యలో తరగతి హద్దు దాటకూడదు, మాకు ఆ హద్దు నూట అరవై, దాటితే డిక్కీలో సీలు వేసిన పెట్టె రాసుకుంటుంది, ఇంటికి పంపేస్తారు. ఉపగ్రహాలు చెప్పే లెక్కలు మా క్లబ్బులో ఒప్పుకోరు. ముల్లు, గడియారం, మైలు పలకలు, పక్కన ఒక మనిషి. ఆ మనిషిని నేను.

ముప్పై మూడు. ఇరవై అయిదూ చిల్లర. మళ్ళీ అదే చిల్లర.

అదే చిల్లర. ఆగు గాస్టన్. అదే ఎందుకవుతోంది. ముసలి బుర్ర తప్పు చేస్తే ఒక్కోసారి ఒక్కోలా చేస్తుంది, ఒకసారి ముందు, ఒకసారి వెనక, ఒకసారి పూర్తిగా మరిచిపోతుంది, మా అన్న బెర్నార్డ్ చివరి రోజుల్లో ఉప్పు వేసిన కూరలోనే మూడుసార్లు వేశాడు, తర్వాతి రోజు అసలు వేయలేదు. తప్పుకి క్రమశిక్షణ ఉండదు. ఇక్కడ ప్రతి మైలుకీ ఒకే లోటు, సెకనూ కొంచెం, కొలిచి కోసినట్టు. మనిషి ఇంత సమంగా తప్పు చేయలేడు. చక్రం చేస్తుంది. ముప్పై నాలుగు వస్తోంది, నొక్కాను, అదే. ముప్పై అయిదు, అదే. నా గుండెలోంచి ఏదో పెద్ద బండరాయి దొర్లిపోయింది, ఇంత ప్రమాదంలో ఉండి ఇంత సంతోషించిన వెధవ ఈ లోయలో ఇంకొకడు ఉండడు. నా వేలు బాగుంది. నా కన్ను బాగుంది. అబద్ధం చెబుతున్నది ముల్లు. మేము నూట నలభై మూడులో పోతున్నాం, ముల్లు నూట యాభై అంటోంది. ఇంజనుకి చెమట పట్టడం లేదని ఈ పిల్ల మొదట్లోనే పసిగట్టింది, నేనే చెవిన పెట్టలేదు.

కానీ పది రోజుల కిందట ఇదే ముల్లుని ఇదే గడియారంతో సరిచూశాను. మా గ్యారేజీ వెనక రోడ్డు మీద, ఇరవై మైళ్ళు, వెంట్రుక తేడా లేదు. అంటే ఈ మధ్యలో మారింది. గేరుపెట్టె తోకలో ఒక చిన్న పళ్ళచక్రం ఉంటుంది, బొటనవేలంత, దాని తిరుగుడే ముల్లుకి వార్త. ఇరవై పళ్ళది తీసి పంతొమ్మిది పళ్ళది పెడితే ముల్లు ఇరవైలో ఒక వంతు ఎక్కువ చెబుతుంది. సరిగ్గా ఈ లోటే. ఒక బోల్టు, ఒక బిళ్ళ, చేయి తిరిగినవాళ్ళకి కాఫీ చల్లారేలోపు అయిపోయే పని. అరిగిపోలేదు, జారిపోలేదు. ఎవరో మార్చారు.

"కొరిన్."

"చెప్పు."

"ముల్లు అబద్ధం చెబుతోంది. మనం వెనకబడ్డాం. బాగా."

ఆమె కాలు కదల్లేదు, ముల్లూ కదల్లేదు. ఒక మైలు పోయింది, నేను నొక్కాను. దూరంగా జింకలు నాలుగు కంచె అవతల తలలెత్తి చూశాయి, చూశాయి, వెనకబడిపోయాయి.

"ఎంత వెనక?"

"నలభయ్యో మైలు దగ్గర యాభై సెకన్లు."

"ముల్లు అబద్ధమా, పెద్దాయనా, నీ గడియారమా?"

కోపం లేదు ఆ ప్రశ్నలో. అడగాల్సిన ప్రశ్న అడిగింది. ఎమిల్ అయితే బూతు తిట్టేవాడు. వాడు నడిపిన పదేళ్ళూ నా చెవుల తుప్పు వదిలిపోయింది. మంచి డ్రైవరే, కానీ చేతుల్లో తొందర ఉండేది, చివర్లో ఎప్పుడూ రెండు సెకన్లు ముందు దూకేవాడు. ఈ పిల్ల పెళ్ళయిన కొత్తలో గ్యారేజీలో నా పక్కన నిలబడి, మైలుకి ఎన్ని సెకన్లో నోటితో అప్పజెబుతుంటే నాకు అర్థమైంది, ఈమె కాలికి చెవులున్నాయని. నూట ఇరవైలో మొదలుపెట్టింది. రెండేళ్ళలో ఆరు తరగతులు ఎక్కింది. ఎమిల్ తనంతట తానే తాళాలు తీసి ఆమె చేతిలో పెట్టాడు, "నాకంటే నీకే వింటుందే ఇది," అన్నాడు, ఆ రోజు నా కొడుకుని చూసి గర్వపడినంత వాడు గెలిచిన రోజు కూడా పడలేదు.

"ముల్లే," అన్నాను. "గడియారం మీద ఒట్టు."

"అయితే ఏం చేయాలో చెప్పు."

అంతే. ఇంకో ప్రశ్న లేదు.

లెక్క. మిగిలింది యాభై మైళ్ళు. అందులో గొంతు ఉంది. రెండు కొండల మధ్య రోడ్డు సన్నబడి పాములా మెలికలు తిరిగే అయిదు మైళ్ళని మేము గొంతు అంటాం, అందరూ అక్కడ నూట ఇరవై అయిదుకి దిగుతారు, తెలివైనవాళ్ళు ఇంకా దిగుతారు. అలా దిగితే మిగతా దారంతా హద్దు దాటితే గానీ సమయానికి అందం. గొంతులో నిజమైన నూట నలభై పోవాలి, బయట నిజమైన నూట యాభై ఎనిమిదిన్నర. హద్దుకి ఒకటిన్నర మైలు కింద. అది నిజమైన వేగం. అబద్ధపు ముల్లు మీద అది నూట అరవై ఏడు దగ్గర కనబడుతుంది.

నూట అరవై ఏడు. ఈ కారు పంజరానికి ఆ వేగం రాసి లేదు. టైర్లకి ఉంది గానీ పంజరానికి లేదు, ఆ పిల్ల నడుముకి కట్టిన పట్టీలకి లేదు. నా మాట తప్పయితే డిక్కీలోని పెట్టె ఆమె పేరు మీద గీత గీస్తుంది, మళ్ళీ నూట పదిహేనుకి దింపుతారు, అది కూడా రోడ్డు మీద మిగిలి ఉంటేనే. ఆమె కళ్ళెదురుగా ముల్లు ఉంది. నేను కనబడను, పక్కన ఒక గొంతును మాత్రమే.

"ముల్లు నూట అరవై ఏడు చూపించేదాకా తొక్కు. ఎనిమిదిని తాకొద్దు."

ఆమె తొక్కింది. ఆలోచించకుండా కాదు, ఆలోచించే తొక్కింది, ఆ తేడా సీటు వీపుకి తెలుస్తుంది. మా పాత పాంటియాక్ కారు గుక్క తిప్పుకొని లేచింది, ఇన్ని మైళ్ళూ బద్ధకించిన ఇంజను గొంతు విప్పింది, ముల్లు నూట యాభై అయిదు, అరవై, ఎవరైనా పక్కనుంచి చూస్తే మేము పిచ్చివాళ్ళం, అరవై అయిదు, అరవై ఏడు. నిలిచింది. గోడకు కొట్టిన మేకులా నిలిచింది. నొక్కాను. మైలు. నొక్కాను. ఇరవై రెండూ ముప్పాతిక. నా లెక్క సరిపోయింది. నాకు నవ్వొచ్చింది, హెల్మెట్ లోపల ఒక్కణ్ణే నవ్వుకున్నాను, ఎమిల్ గొడుగు ఎవరైనా పెళ్ళి కూతురికి ఇచ్చేయొచ్చు.

"సరిపోయిందా?"

"అచ్చు గుద్దినట్టు."

"ఎవరు చేశారు ఇది?"

"రోడ్డు చూడు."

ఆమె రోడ్డు చూసింది, నేను చూడలేకపోయాను. ఎవరు. తనిఖీ అయ్యాక కార్లన్నీ ఊరి మైదానంలో తాడు కట్టిన ఆవరణలో పెడతారు, తెల్లవారి బయల్దేరేదాకా బయటివాళ్ళు లోపలికి రాకూడదు. మా పక్కనే హ్యాగర్టీ కారు. వాడు తన కారు తుడుచుకునే నెపంతో అక్కడే తచ్చాడాడు, చూశాను. నోరు పెద్దది, గెలవాలన్న ఆశా పెద్దదే, మొదట వాడి ముఖమే నా కళ్ళ ముందుకొచ్చింది. కానీ హ్యాగర్టీకి మమ్మల్ని ఓడించాలనుంటే ముల్లుని తక్కువ చూపించేలా మారుస్తాడు. అప్పుడు మేము నూట యాభై అనుకుంటూ నూట అరవై దాటేవాళ్ళం, పెట్టె పట్టుకునేది, కథ అయిపోయేది, ఇంకా ఖర్మ కాలితే గొంతులో మా కథే అయిపోయేది. శత్రువు అలా చేస్తాడు. ఈ చేయి తిరగేసి చేసింది. మేము వేగంగా పోతున్నామని మమ్మల్ని నమ్మించి, నిదానంగా పోనిచ్చింది. ఓడిపోండి గానీ బతకండి అంది. ఇది పగ కాదు. ఎవరో మా మంచి కోరి మమ్మల్ని మోసం చేశారు.

అంటే మా ఇల్లే.

గొంతు వచ్చింది. "ఎడమ, పొడుగుది, ముల్లు నూట నలభై ఏడు," అన్నాను, ఆమె అప్పటికే అక్కడుంది, కొండ నీడ కారు మీద పడి లేచింది, "కుడి, కురచ, లోపలికి పట్టు," టైర్లు ఏడ్వలేదు, ఊరికే మూలిగాయి, రాతిగోడ నా మోచేతికి తగిలేంత దగ్గర, "ఎడమ, గుంట ఉంటుంది, మధ్యలో పో," ఈ మలుపులో మూడేళ్ళ కిందట ఒకడు కంచె తెంపుకుని వాగులో పడ్డాడు, బతికాడు, వాడి పట్టీలు గట్టివి కాబట్టి బతికాడు, ఆ పట్టీలు మొదట తెచ్చినవి కావు, తనిఖీలో లాగి చూసి పనికిరావని విసిరి కొట్టి కొత్తవి వేయిస్తే వేసినవి. విసిరి కొట్టింది లొరైన్.

లొరైన్. నా పెళ్ళాం.

ఎమిల్ కాదు. ఎమిల్ పొట్ట జాకీ ఎత్తకుండా కారు కింద పట్టదు, ఆవరణలో జాకీలు ఒప్పుకోరు. అన్ని కార్ల కిందికీ చక్రాల బల్ల మీద వెల్లకిలా జారిపోయే మనిషి ఒక్కతే ఉంది, ఎర్ర టోపీ, జేబులో పానా, అరవై తొమ్మిదేళ్ళకీ కందిరీగ నడుము. ప్రధాన తనిఖీదారు. డ్రైవర్లందరూ జడ్జిగారు అంటారు. ప్రతి పట్టీనీ ఒంటి బరువంతా వేసి లాగుతుంది, ప్రతి టైరు మీదా అరచేయి పెట్టి చూస్తుంది, నడిపేవాణ్ణి ఎదురుగా నిలబెట్టి కళ్ళలోకి చూస్తుంది, తర్వాతే అద్దానికి బిళ్ళ అంటిస్తుంది. ఆమె బిళ్ళ అంటించిన కారులో ఇంతవరకు ఒక్కరు చావలేదు. ఈ రాష్ట్రంలో ఇంకే రోడ్డూ ఆ మాట చెప్పుకోలేదు. వసంతంలో తరగతులిచ్చే సంఘం కూర్చున్నప్పుడు అయిదుగురిలో ఆమె ఒక్కతే కొరిన్‌కి అడ్డు చెప్పింది. "కారు నూట యాభైకి తగినదే. పిల్ల ఇంకా నూట నలభైకే. ఒక్క ఏడాది ఆగితే కొంపలేం మునగవు," అంది, కోడలు ఎదురుగానే అంది. మిగతా నలుగురూ కొరిన్ వైపే చేతులెత్తారు. లొరైన్ కాగితం మీద సంతకం పెట్టి, ఇంటికొచ్చి కొరిన్‌కి ఇష్టమని ఉప్పుచేప పులుసు వండింది. అయిపోయిందనుకున్నాం అందరం. అయిపోలేదు. సంఘంలో ఓడిపోయిన తీర్పుని కారు కింద పడుకుని అమలుచేసుకుంది. నూట నలభై మూడు. తను తగునన్న తరగతికి దగ్గర్లోకే దించింది మమ్మల్ని, అక్కడ కూడా లెక్క తప్పలేదు.

గొంతులోంచి వెలుతురులోకి పడ్డాం. "నూట అరవై ఏడు," అన్నాను. నా నోరు అంకెలు చెబుతోంది, నా లోపల ఇంకెవరో మాట్లాడుతున్నారు. కోపం రావాలి కదా. వచ్చింది కూడా, వేడిగా వచ్చింది, ముప్పై ఎనిమిదేళ్ళు నా పక్కన పడుకున్న మనిషి నా ముల్లు మార్చింది, నా గడియారాన్ని, నా వేలిని, నా బుర్రని నేనే అనుమానించుకునేలా చేసింది. ఆ వేడి కిందే ఇంకోటి కదులుతోంది, ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, ఎంత శుభ్రంగా చేసిందీ పని అని. చీకటి ఆవరణలో చేతితో తడిమి, ఒక్క గీత పడకుండా. మరి ఈ పిల్ల? ఈ పిల్ల ఆ మోసాన్ని కాలి కింద వేసి తొక్కుతోంది, అత్తగారు నువ్వు తగవన్న తరగతిలో, అబద్ధపు ముల్లుతో, కొసరు వేగంతో, గొంతుని ఎవరూ పోనంత చక్కగా పోయింది. మా ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళున్నారు, ఇద్దర్లో ఎవరు గొప్పో తేల్చే గడియారం నా దగ్గర లేదు.

ఎనభై నాలుగు. ఎనభై ఆరు. "వదలకు. ముల్లు అరవై ఏడే." ఎనభై ఎనిమిది. "అంతే పట్టుకో." ముగింపు జెండాలు ఎండలో రెండు చుక్కలయ్యాయి, గుడారాలయ్యాయి, మనుషులయ్యారు, నేను సెకన్లు పైకి లెక్కపెడుతున్నాను, ఆమె నాతోపాటే పెదవులు కదుపుతోంది, గీత మా కిందనుంచి పోయింది.

ముప్పై ఆరు నిమిషాలకి ఒక్క సెకనులో మూడో వంతు తేడా.

ఆపాక ఆమె హెల్మెట్ తీసి స్టీరింగు మీద నుదురు పెట్టుకుంది. "పెద్దాయనా, నూట అరవై ఏడు చూస్తూ తొక్కాను, తెలుసా," అంది. "చచ్చేంత భయమేసింది."

"గొంతులో తెలియనివ్వలేదే."

"నీ గొంతు వణికితే నా కాలు వణుకుదామనుకుంది. నీది వణకలేదు."

ఆ మాట నేను ఎవరికీ చెప్పను, నా దగ్గరే పెట్టుకుంటాను.

పందెం పెద్ద డేల్ పెట్టె విప్పి చూశాడు. నూట యాభై తొమ్మిది ఎక్కడా దాటలేదు. తరగతిలో మొదటి స్థానం మాదే, హ్యాగర్టీ సెకనున్నర తేడాతో రెండు. ఎమిల్ పెళ్ళాన్ని అమాంతం ఎత్తుకున్నాడు. దించాక ఆమె ముల్లు సంగతి చెప్పింది. వాడు జాకీ ఎత్తి, కిందికి దూరి, నూనె చేతులతో ఆ చిన్న చక్రం పట్టుకొచ్చి పళ్ళు లెక్కపెట్టాడు. ముఖం ఎర్రబడింది. తిన్నగా హ్యాగర్టీ దగ్గరికి పోయి కాలరు పట్టుకున్నాడు.

"రాత్రంతా మా కారు పక్కనే ఏం తుడిచావురా?"

"నా కారు తుడిచానురా, నీ మొహం కాదు. చెయ్యి తియ్యి."

"ఒక పన్ను తక్కువ చక్రం ఎవడు పెట్టాడు మరి?"

"నీ పెళ్ళాం చేతిలో ఓడిపోయాను, అది చాలదా ఈ రోజుకి. నీ చేతిలో దెబ్బలు కూడా తినాలా?" అన్నాడు హ్యాగర్టీ. మాట హాస్యంగానే ఉంది, కళ్ళు అలా లేవు. చుట్టూ జనం పోగయ్యారు. మా క్లబ్బులో ఒక కట్టు ఉంది, ఆవరణలో పరాయి కారు మీద చేయి వేసినవాళ్ళకి ఈ రోడ్డు జీవితాంతం మూత. ఇరవై ఏళ్ళ నుంచి ఈ ఒక్క ఆదివారం కోసమే బతుకుతున్నాడు హ్యాగర్టీ, వాడికి ఇంకేం లేదు, భార్య వెళ్ళిపోయింది, గడ్డివాముల వ్యాపారం పోయింది, కారు మిగిలింది. డేల్ వాడి వంక చూసే చూపు మారడం కనిపెట్టాను. నేను ఊరుకుంటే చాలు. నా ఇల్లు ఇల్లుగా ఉంటుంది.

కొరిన్ మాత్రం హ్యాగర్టీ వైపు చూడలేదు. "అంకుల్ కాదు," అంది. "ముల్లు ఎక్కువ చూపించింది. ఎవరో గానీ నన్ను కాపాడాలనుకున్నారు. చంపాలనుకుని ఉంటే కొట్టి ఊరుకుందును. నన్ను నమ్మలేదు, అదీ నాకు మండుతోంది."

లొరైన్ తనిఖీ గుడారం ముందు నిలబడి ఉంది. ఎర్ర టోపీ. చేతులు వెనక కట్టుకుని, ప్రతి డ్రైవరునీ చూసినట్టే, కొరిన్ కళ్ళలోకి చూస్తోంది, బిళ్ళ అంటించాలా వద్దా అన్నట్టు. చాలాసేపు చూసింది. తర్వాత నన్ను చూసింది. నాకు తెలుసని ఆమెకి తెలిసింది, పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఆ పాటి మాట పెదవి కదపకుండా చెప్పుకోవచ్చు. నేను డేల్ వైపు తిరిగి నోరు తెరిచాను, హ్యాగర్టీ కోసం తెరవక తప్పదు. ఆమె తల అడ్డంగా ఊపింది. నీ పని కాదు గాస్టన్ అన్నట్టు.

అనర్హుల పేరు మైకులో చదివేది ప్రధాన తనిఖీదారే, ఎంత దగ్గరవాళ్ళయినా సరే. ఆమె డేల్ చేతిలోంచి మైకు తీసుకుంది. టోపీ తీసి బల్ల మీద పెట్టింది. తెల్లజుట్టు గాలికి లేచింది. జనమంతా ఆమె వైపు తిరిగారు.

"నూట యాభై తరగతి, నలభై ఒకటో నంబరు కారు," అంది. ప్రతి ఏడూ చదివే గొంతే, ఎత్తూ లేదు, పల్లమూ లేదు. "కారుకి ఆ తరగతి సరిపోయింది. డ్రైవరుకీ సరిపోయింది. అది నా తప్పు అంచనా, సరిచేసి రాసుకోండి." కొరిన్ చేయి నా మోచేతిని పట్టుకుంది. "ఆవరణలో ఆ కారు మీద చేయి వేసినందుకు ఈ రోడ్డు నుంచి జీవితాంతం బహిష్కరణ." నా పెళ్ళాం మెడ నిటారుగా ఉంది, నా మెడ కూడా నాకు తెలియకుండానే నిటారయింది. ఆమె మైకుని ఇంకొంచెం దగ్గరికి తీసుకుని, వెనక వరసలో చెవిటివాడికి కూడా వినబడేలా, ఒక్కో అక్షరం విడదీసి చదివింది.

"పేరు, లొరైన్ ఇరిబార్న్."